పుట్లు లెక్కగట్టే పైథాన్ ఇన్‌పుట్: నాలుగేళ్లు వాడాక

కోవూరులో మాది వడ్ల కమీషన్ వ్యాపారం. మా నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు. కాటా చీటీలో కిలోల్ని పుట్లలోకి మార్చి, రైతుకి ఎంత ఇవ్వాలో చెప్పే చిన్న ప్రోగ్రామ్ నాలుగేళ్ల కిందట పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసుకున్నా. అడగడమంతా ఇన్‌పుట్ ఫంక్షన్‌తోనే; ప్రశ్న చూపించి, మనం కొట్టింది తీసుకునేది అదే.

మొదటిరోజే పరువు పోయింది. రెండు ట్రాక్టర్ల వడ్లు, ఒక్కోటి 3400 కిలోలు. ఎనిమిది పుట్లు రావాలి. స్క్రీన్ మీద 40,004 పుట్లు! "ఏందిరా, జిల్లా వడ్లన్నీ మనకే తోలారా?" అన్నాడు నాయన. మనం అంకెలు కొట్టినా ఇన్‌పుట్ వాటిని స్ట్రింగ్‌గానే, అంటే ఉత్త అక్షరాల వరసగానే ఇస్తుంది. నేనేమో ముందు కూడి, తర్వాత ఫ్లోట్‌లోకి, అంటే దశాంశ సంఖ్యలోకి మార్చా. అది 3400 పక్కన 3400 అతికించి 34003400 చేసింది. ఎర్రర్ చూపించి ఆగిపోయినా బాగుండేది, తప్పు లెక్కని దర్జాగా చూపించింది. దేనికది అడిగినచోటే మార్చుకోవాలి.

నాయన 3,400 అని కామాతో కొడతాడు. తేమ అడిగితే 17% అంటాడు. రెండిటికీ వాల్యూఎర్రర్, అంటే 'ఇది అంకెగా మారదు' అనే ఎర్రర్. కామాని రీప్లేస్‌తో తీసేశా. మిగతావాటికి మళ్లీ మళ్లీ తిరిగే వైల్ లూప్‌లో, ఎర్రర్‌ని పట్టుకునే ట్రై, ఎక్సెప్ట్ పెట్టి మళ్లీ అడిగించా. ఎక్సెప్ట్ పక్కన వాల్యూఎర్రర్ అని రాయకుండా బద్ధకించా. దాంతో అది ప్రోగ్రామ్‌ని ఆపే కంట్రోల్ సి ని కూడా ఎర్రర్‌లాగే పట్టేసుకుంది. ఇక ఎన్నిసార్లు కొట్టినా ఆగదే! మళ్లీ అదే ప్రశ్న. విండో మూసేస్తే గానీ వదల్లేదు.

ముచ్చటేసింది ఒకటుంది. తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉండగా పొరపాటున ౩౪౦౦ కొడితే, దాన్ని కూడా అంకెగానే తీసుకుంది. అట్లాగని ఫ్లోట్‌ని మరీ నమ్మొద్దు. ఎన్, ఏ, ఎన్ (nan, 'అంకె కాదు' అని అర్థం) అని మూడక్షరాలు కొట్టినా ఒప్పుకుంటుంది. 'సున్నా, అంతకంటే తక్కువైతే వద్దు' అనే తనిఖీకి కూడా అది చిక్కలేదు. అందుకే ఇప్పుడు సున్నాకీ 20,000కీ మధ్య ఉంటేనే తీసుకోమని రాశా.

అన్నిటికంటే విసుగు, ఎంటర్ కొట్టాక వెనక్కి పోలేకపోవడం. ధర తప్పు పడితే మళ్లీ మొదటినుంచీ రావాల్సిందే, బయట లారీవాడు హారన్ కొడుతున్నా సరే. చివర్లో 'సరేనా?' అని ఇంకో ఇన్‌పుట్ పెట్టా. నాయన చదవకుండానే ఎంటర్ కొట్టేవాడు. ఖాళీ ఎంటర్‌ని 'కాదు' కింద లెక్కేసేలా మార్చా. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.