పొగగొట్టం ఉన్న కట్టెల పొయ్యి: 6 ఏళ్ళు వాడినాక చెప్తున్నా

మాది చంద్రగిరి దగ్గర పల్లె. 2019 ఫిబ్రవరిలో ఇంటి వెనక రేకుల వసారాలో ఇనప కట్టెల పొయ్యి పెట్టించుకున్నాం, పొగగొట్టంతో సహా. అప్పట్నుంచి ఎండాకాలం రెండు నెలలు తప్ప రోజూ వాడతానే ఉన్నాను. చూసినవాళ్ళంతా రెండే అడుగుతారు, ఎంత పడింది, పొగ వస్తుందా అని. గొట్టం ఏ దారిన పైకి పోతోంది, దాని పక్కన ఏమేం ఉన్నాయి అని మాత్రం ఎవరూ అడగరు, పెట్టించుకునేటప్పుడు నేనూ అడగలేదు, దానివల్ల ఏమైందో వివరంగా చెప్తాను ఎందుకంటే పొయ్యి మంచిదో కాదో అన్నదానికంటే అదే ముఖ్యం.

గ్యాస్ లేక పెట్టుకున్నది కాదు. మా అత్తకు రాగి సంగటి కట్టెల మీద చేస్తేనే తిన్నట్టు ఉంటుంది, పైగా ఇంట్లో 6 మందికి స్నానాలకు నీళ్ళు కాగాలి, మామిడితోటలో కోత అయిపోయినాక కొట్టేసిన కొమ్మలు దండిగా మిగులుతాయి. అంతకుముందు మూడు రాళ్ళ పొయ్యే, వసారా అంతా మసి, అత్తకు రాత్రిళ్ళు ఒకటే దగ్గు. దగ్గు మొత్తం పొయ్యి వల్లే అని నేను అనను కానీ గొట్టం సరిగ్గా పడినాక రాత్రి లేచి కూర్చోవడం మాత్రం బాగా తగ్గింది. ఇళ్ళల్లో వంట పొగ వల్ల ప్రపంచంలో 2020 ఒక్క ఏడాదే 32 లక్షల మంది దాకా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అది చదివినాక మూడు రాళ్ళ పొయ్యి మల్లా వెలిగించాలంటే నాకు చేతులు రాలేదు.

పొయ్యి తిరుపతిలో ఒక వెల్డింగ్ షాపులో చేయించాం, 9,500 పడింది. రెండు కళ్ళు, లోపల ఫైర్ బ్రిక్స్ (సెగకు పగలని ఇటుకలు), కింద బూడిద అర, ముందర తలుపుకు గాలి తగ్గించి పెంచే చిన్న రేకు. ఇటుకల మధ్య సిమెంటు వద్దని చెప్పి మట్టి, ఊక కలిపి మెత్తించాం, సిమెంటు ఆ సెగకు నెలలో పగిలి రాలిపోతుంది. కింద కడప బండ వేస్తామన్నారు, దానికీ ఒప్పుకోలేదు, మా పుట్టింట్లో పొయ్యి కింద వేసిన బండ టప్పుమని చీలి ముక్క ఎగిరింది చిన్నప్పుడు చూశాను. పొయ్యి వరకు నాకు ఫిర్యాదు లేదు. 6 ఏళ్ళలో 4 ఇటుకలు మార్చాం, అంతే.

అసలు తప్పంతా గొట్టం దగ్గర జరిగింది. పొయ్యి వెనక మూతి 5 అంగుళాలు. బిగించడానికి వచ్చిన అబ్బాయి 4 అంగుళాల పల్చటి జీఐ పైపు తెచ్చాడు, సరిపోతుందక్కా అని దాన్ని నొక్కి అతికించేశాడు, పైన తాటి వాసం పక్కనే రేకుకు బొక్క కొట్టి దూర్చాడు, వాసానికి పైపుకు మధ్య నాలుగు వేళ్ళు కూడా లేవు. 2,600 తీసుకున్నాడు. మొదటి నెల బాగానే ఉన్నట్టు అనిపించింది. జూన్‌లో రేకుల కింద బూజు దులుపుతుంటే మా ఆయన వాసం చూపించాడు, పైపు వైపు నల్లగా మాడి గోరుతో గీకితే బొగ్గు మాదిరి రాలుతోంది! మంట తగలకుండానే! తర్వాత తెలుసుకున్నది ఏంటంటే కట్టె నెలల తరబడి సెగకు కాగుతా ఉంటే లోపల్లోపలే బొగ్గుగా మారుతుందట, అట్ల మారినాక మామూలు కట్టె అంటుకునే వేడి కంటే చాలా తక్కువ వేడికే అంటుకుంటుంది. అంటే మొదటి రోజు ఏం కాలేదు కాబట్టి ఎప్పటికీ ఏం కాదు అనుకోవడానికి లేదు, రోజులు గడిచేకొద్దీ ప్రమాదం పెరుగుతా పోతుంది. ఆ రోజు సాయంత్రం నుంచే వాడడం ఆపేశాం.

ఇంకో తప్పు కూడా బయటపడింది. పైపు ముక్కల అతుకుల దగ్గర నల్లటి తారు బయటికి కారి గోడంతా చారలు. వాన నీళ్ళు లోపలికి పోకుండా అని పై ముక్కను కింది ముక్క మీద తొడిగాడు ఆ అబ్బాయి. పొగగొట్టానికి అది తిరగేసిన పద్ధతి, పై ముక్క కొస కింది ముక్క లోపలికి దిగాలి, అప్పుడు లోపల పట్టే తారు లోపలే జారి పొయ్యిలో పడి కాలిపోతుంది. వాన సంగతి పైన టోపీ చూసుకుంటుంది.

రెండోసారి అడావుడి పడలేదు. చిత్తూరులో హోటళ్ళకు పొగగొట్టాలు చేసే ఒక పెద్దాయన్ని పట్టుకున్నాం, పైపు, పని, రవాణా అన్నీ కలిపి 11,000 అయింది, పొయ్యి కంటే ఎక్కువ, ఆ డబ్బుకు నేను ఒక్క రూపాయి బాధపడలేదు. పొయ్యి మూతి ఎంతో అంతే 5 అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీల్, ఎక్కడా సన్నం చేయలేదు. మా బేల్దారి గోడలోంచి బయటికి తీసి రెండు మెలికలు తిప్పుదాం, రేకు కారదు అన్నాడు, పెద్దాయన వద్దన్నాడు. తిన్నగా పైకి పోయే గొట్టం బాగా లాగుతుంది, మెలిక పడిన చోటల్లా పొగ నెమ్మదించి మసి పేరుకుంటుంది, బయట చలిగాలికి గొట్టం చల్లబడితే తారు ఇంకా ఎక్కువ పడుతుంది. వాసం 18 అంగుళాల అవతలికి కోసి అడ్డకమ్మీ వేసి నిలబెట్టాం. ఒంటి రేకు గొట్టానికి, కాలే వస్తువుకు మధ్య ఆ 18 అంగుళాలు ఉండాలనేది అమెరికా ఫైర్ సేఫ్టీ నియమాల్లో ఉంది, మన ఊళ్ళల్లో దీన్ని ఎవరూ కొలవరు కానీ సెగ యాడైనా సెగే కదా. రేకు దాటే చోట రెండు పొరల పైపు, మధ్యలో రాక్‌వుల్, అంటే సెగకు కాలని రాతి దూది. ప్రతి అతుక్కు మూడు స్క్రూలు.

ఎత్తు గురించి కూడా చెప్పాలి. గొట్టం పైకప్పు దాటినాక కనీసం 3 అడుగులు ఉండాలి, ఆ చుట్టుపక్కల 10 అడుగుల లోపల ఉన్న దేనికంటే అయినా 2 అడుగులు ఎత్తు ఉండాలి. మా వసారా పక్కనే మిద్దె, పిట్టగోడ 8 అడుగుల దూరంలో ఉంది, మొదటి గొట్టం దానికంటే పొట్టి, అందుకే పడమటి గాలి కొట్టినప్పుడల్లా పొగ మల్లా కిందికి తోసుకొచ్చేది, పొయ్యి బాగాలేదు అని మేము పొయ్యిని తిట్టుకునేవాళ్ళం. ఇప్పుడు పిట్టగోడ కంటే 2 అడుగులు పైకి ఉంది, మూడు వైపులా తీగలతో బిగించి కట్టాం. 2023 డిసెంబర్ తుపానుకు కూడా కదల్లేదు.

గొట్టానికి సిమెంటు ఆస్‌బెస్టాస్ పైపు చవకని వేసుకుంటున్నారు చాలా ఇళ్ళల్లో, దయచేసి వద్దు, సెగకు పగులుతుంది, కోసేటప్పుడు ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెచ్చేది. పీవీసీ అయితే చెప్పనే అక్కర్లేదు.

పొయ్యి చుట్టూ 3 అడుగులు ఖాళీ పెట్టాం. అటువైపు ఊరగాయ జాడీల చెక్క అలమర ఉండేది, అత్త తరతరాలుగా ఆడే ఉండాది కదే అంది, అయినా తీసి అవతల గదిలో పెట్టాం, వానకు కట్టిన ప్లాస్టిక్ పట్ట కూడా తీసేశాం. ఒక పక్క అంత జాగా లేదు, అక్కడ గోడకు ఇంచు ఎడంగా రేకు నిలబెట్టాం, కింద పైన తెరిచే ఉంచి, వెనక గాలి ఆడుతుంది కాబట్టి గోడ చేత్తో తాకితే వెచ్చగా కూడా ఉండదు. గ్యాస్ బండ ఆ వసారాలోకే రానివ్వను. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేల మీద పాకుతా వస్తుంది, ఇక్కడ నేలకు జానెడు ఎత్తులో నిప్పు ఉంది.

2021 నవంబర్ గురించి రాయకుండా ఉండలేను. తిరుపతిలో వరదలు వచ్చినాయి కదా, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని జనం బిక్కుబిక్కుమన్న రోజులు, మాకు కరెంటు పోతా వస్తా ఉండేది, గ్యాస్ బండి రాలేదు, మూడు రోజులు అంతా కట్టెల పొయ్యి మీదే. జల్లు కొడుతోందని కిటికీ మూసి, తలుపు మూసి, సందుల్లో గోనెపట్టలు కుక్కి, ఆవిరి పోవాలని ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేశాను. మంట అయిపోయి ఎర్రటి నిప్పులే ఉన్నాయి, పొగ అసలు లేదు. చలికి అందరం ఆ సెగ దగ్గరే కూర్చున్నాం. ముందు మా అత్త తల తిరుగుతోంది అంది, కాసేపటికి పిల్లోడు వాంతి వచ్చేట్టుంది అన్నాడు, నాకు కణతలు పగిలిపోతున్నాయి. ముగ్గురికీ ఒకేసారి ఏంటిది అని మా ఆయనకు అనుమానం వచ్చి తలుపు తీసి అందర్నీ వానలోనే మిద్దె ఇంట్లోకి లాక్కెళ్ళాడు. అరగంటకు తేరుకున్నాం.

అది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు, పొగ కనపడనప్పుడే ఎక్కువ మోసం చేస్తుంది. రక్తంలో హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లు పైగా గట్టిగా అతుక్కుంటుంది కాబట్టి గాలి పీలుస్తున్నా ఒంటికి అందదు. బయటినుంచి గాలి వచ్చే దారులన్నీ నేనే మూశాను, ఫ్యాన్ మాత్రం గాలిని బయటికి లాగుతోంది, ఇక దానికి గాలి దొరికే దారి పొగగొట్టం ఒక్కటే, అందులోంచి ఉల్టా కిందికి లాగింది. అప్పటిదాకా గొట్టం ఉంటే చాలు అనుకున్నాను. గొట్టం లాగాలంటే లోపలికి గాలి రావాలి, ఈ రెండూ కలిస్తేనే పొయ్యి.

వారంలోనే ఫ్యాన్ పీకేశాం, నేలకు దగ్గరగా గోడలో 8 అంగుళాల చదరం కంత కొట్టించి ఎలుకలు రాకుండా జాలీ వేశాం, దానికి మూత లేదు, చలేసినా సరే మూయడానికి వీల్లేకుండా కావాలనే అట్ల పెట్టించాను. అలారం కూడా కొన్నాం, కార్బన్ మోనాక్సైడ్‌ది, బ్యాటరీతో నడిచేది, నెలకోసారి బటన్ నొక్కి చూస్తాను. ఎవరికైనా పొయ్యి దగ్గర తలనొప్పి, వికారం వస్తే ముందు బయటికి రండి, ఆ తర్వాతే 108కి ఫోన్, లోపలే కూర్చుని మాత్ర వేసుకోవద్దు.

కట్టెల విషయం. జులై ఆగస్టులో కొట్టిన మామిడి కొమ్మలు అదే ఏడాది కాల్చం. మనకు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, అప్పటికి అవి ఆరవు. చీల్చి, నేలకు ఎత్తులో పేర్చి, పైన మాత్రం రేకు కప్పి పక్కలు వదిలేసి, మరుసటి ఏడాది కాలుస్తాం. రెండు ముక్కలు కొట్టి చూస్తే టక్కుమని మోగాలి, కొసల్లో పగుళ్ళు కనపడాలి. పచ్చి కట్టె వేస్తే అందులో నీళ్ళు ఆవిరి కావడానికే చాలా మంట పోతుంది, చల్లటి పొగ గొట్టంలో తారుగా పడుతుంది. తుమ్మ, సరుగుడు బాగా కాలతాయి. ఫర్నిచర్ షాపుల ప్లైవుడ్ ముక్కలు ఊరికే ఇస్తారు, నేను తీసుకోను, ఆ జిగురు పొగ మంచిది కాదు. శేషాచలం అడవిలో కట్టె మీద చెయ్యి వేయడం మాట అటుంచండి, కేసు అవుతుంది. పేర్చిన కట్టెల్లోంచి తీసేటప్పుడు ముందు కర్రతో కదిలించండి, తేళ్ళు ఉంటాయి. ఇదివరకు రోజుకు 6 కిలోలు పట్టేది, ఇప్పుడు 3 నుంచి మూడున్నర, నేనే తూకం వేసి చూశాను.

వెలిగించేటప్పుడు మొదటి ఐదు నిమిషాలు పొగ వస్తుంది, అది అబద్ధం చెప్పను. చల్లగా ఉన్న గొట్టం లాగదు, ముందు ఎండు కొబ్బరిమట్ట ముక్క అంటించి గొట్టం వెచ్చబడినాక చిదుగులు వేస్తే సరిపోతుంది. కిరోసిన్, పెట్రోలు చుక్క కూడా వద్దు. నైలాన్ చీరతో పొయ్యి దగ్గర నిలబడను.

శుభ్రం చేసేది ఏడాదికి రెండుసార్లు, దీపావళికి ముందు ఒకసారి, సంక్రాంతి అయినాక ఒకసారి. వెదురు కర్రకు తీగ బ్రష్ కట్టి మిద్దె మీంచి దించుతాం. పొడిపొడిగా మసి రాలితే కట్టెలు ఆరినట్టు, నల్లగా నిగనిగలాడే పెంకు కడితే పచ్చివి కాల్చినట్టు. ఆ పెంకే ఒకరోజు గొట్టంలో అంటుకుంటుంది, మా ఊళ్ళోనే ఒకరింట్లో అయింది, రైలు పోతున్నట్టు హోరు, గొట్టం ఎర్రగా! అట్లాంటప్పుడు గాలి రేకు మూసేసి అందరూ బయటికి వచ్చి 101కి ఫోన్ చేయాలి, కాగిన ఇనుము మీద నీళ్ళు పోయకూడదు. పక్కింటివాళ్ళ గడ్డివామి దగ్గర్లో ఉందని టోపీ కింద నిప్పురవ్వలు ఆపే జాలీ పెట్టాం, ఆ జాలీ మాత్రం నెలన్నరకే మసితో మూసుకుపోతుంది. పొగ లోపలికి రావడం మొదలైతే నేను ముందు చూసేది దాన్నే.

బూడిద చల్లారినట్టే ఉంటుంది, లోపల నిప్పు రెండు మూడు రోజులు బతికే ఉంటుంది. మూత ఉన్న ఇనప బొక్కెనలో పోసి వాకిట్లో సిమెంటు మీద పెడతాను, నాలుగో రోజు చెట్లకు. ప్లాస్టిక్ చెత్త డబ్బాలో పోసే అలవాటు ఉన్నవాళ్ళు వెంటనే మానుకోండి.

నచ్చనివి చెప్పాలంటే, రెండో కంటికి సెగ చాలదు, నీళ్ళ కాగుకు తప్ప పనికిరాదు. సంగటి కెలికేటప్పుడు తపేలా కదిలిపోయేది, చుట్టూ ఇనప రింగు వెల్డింగ్ చేయించినాక నిలబడింది, అది మొదట్లోనే ఇవ్వాల్సింది. కట్టె పొట్టిగా చీల్చుకోవాలి, వయసైనవాళ్ళు ఒక్కరే ఉండే ఇంట్లో కష్టం. ఏప్రిల్, మే తిరుపతి ఎండల్లో దాని పక్కన నిలబడలేం, అప్పుడు గ్యాసే. అపార్ట్‌మెంట్లలో, గొట్టం తిన్నగా పైకి తీయలేని ఇళ్ళల్లో వద్దే వద్దు.

మా ఆడబిడ్డ పాకాలలో వచ్చే నెల పెట్టించుకుంటోంది. పొయ్యి ఫోటో పంపింది, నేను వాసానికి, గొట్టం వచ్చే చోటుకు మధ్య టేపు పెట్టి ఫోటో తీయమన్నాను. 11 అంగుళాలు ఉంది. బేల్దారి వచ్చే లోపలే పొయ్యి చోటు జరపమని చెప్పాను, జరుపుతాం వదినా అంది, ఆదివారం పోయి నేనే ఇంకోసారి కొలిచి వస్తాను.