హరికథలకు మైకు పెట్టేవాడి మాట: స్కాన్ బటన్ ఉన్న వైర్‌లెస్ సెట్, కొన్నేళ్ల వాడకం తర్వాత

వైర్‌లెస్ మైకు కొనబోయేవాళ్లు ముందుగా అడిగేవి రెండే ప్రశ్నలు. ఎంత దూరం లాగుతుంది, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది. రెండూ అట్టపెట్టె మీద రాసే ఉంటాయి. బెంగళూరులో హరికథలకీ, అన్నమయ్య కీర్తనల సభలకీ, ఏడాదికోసారి వేసే పద్యనాటకానికీ మైకు పెట్టే నేను అడగమనేది ఇంకొకటి: రిసీవర్‌లో, అంటే మైకు పంపే సంకేతాన్ని అందుకునే పెట్టెలో, ఖాళీ ఫ్రీక్వెన్సీని వెతికిపెట్టే స్కాన్ బటన్ ఉందా? ఉంటే మిగతావి తర్వాత చూసుకోవచ్చు. ఆ బటనంటే నాకు అంత ఇష్టం.

మా సంఘం మారతహళ్లి వైపు. ఎక్కువగా అపార్ట్‌మెంట్ల హాళ్లలోనే కార్యక్రమాలు. హరికథకి వైరు మైకు పనికిరాదని ఒక్కసారి చూసినవాళ్లకి ఎవరికైనా తెలుస్తుంది. దాసుగారి చేతిలో చిడతలు, కాళ్లకి గజ్జెలు. పద్యం ఈ చివర ఎత్తుకుని ఆ చివర ముగిస్తారు. నారదుడి నడక వేరు, రుక్మిణి నడక వేరు. స్టాండు ముందు నిలబడి చెప్పండి అంటే సగం కథని ఆపేయమన్నట్టే.

అంతకుముందు మా దగ్గర ఒకే ఫ్రీక్వెన్సీలో బిగించేసిన సెట్ ఉండేది. అడుగున స్టిక్కర్ మీద 740 చిల్లర మెగాహెర్ట్జ్ అని ఉండేది. చాలాకాలం చక్కగా పనిచేసింది. తర్వాత తర్వాత హాలు ఖాళీగా ఉన్నంతసేపూ బాగుండి, జనం వచ్చి కూర్చోగానే గరగర మొదలయ్యేది. వైర్లు మార్చాం, మైకు తల మార్చాం, రిపేరు షాపులో రెండు వారాలు ఉంచాం. లోపం సెట్‌లో లేదు. 2022 ఆగస్టులో ముగిసిన స్పెక్ట్రం వేలంలో 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో కొంత 5జీకి పోయింది. ఆ బ్యాండ్‌లో 703 నుంచి 748 వరకు ఫోన్లు టవర్‌కి పంపే భాగం, 758 నుంచి 803 వరకు టవర్ ఫోన్లకి పంపే భాగం. మా మైకు ఏ గాలిలో మాట్లాడుతోందో, ఎదురుగా కూర్చున్నవాళ్ల జేబుల్లో ఫోన్లూ అదే గాలిలో మాట్లాడడం మొదలుపెట్టాయి. ఫ్రీక్వెన్సీ మార్చే వీలు లేదు కాబట్టి ఆ సెట్ అటకెక్కింది. ఎవరైనా 700ల్లో పనిచేసే పాత సెట్ చవగ్గా ఇస్తామంటే దయచేసి తీసుకోకండి. 600ల్లోది కొనేముందు కూడా ఒకసారి ఆలోచించండి. అదే వేలంలో ఆ బ్యాండ్‌నీ పెట్టారు. అప్పుడు ఎవరూ కొనలేదు, రేపటి మాట చెప్పలేం.

ఇప్పటి సెట్ బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో కొన్నాం. 500ల్లో పనిచేస్తుంది. హెడ్‌సెట్‌తో ఒక బాడీ ప్యాక్ (నడుముకి తగిలించుకునే ట్రాన్స్‌మిటర్), ఒక చేతి మైకు. మైకులన్నీ ఆఫ్ చేసి స్కాన్ నొక్కితే రిసీవర్ తన బ్యాండ్ మొత్తం వినుకుంటూ పోయి, ఏ చానెల్ ప్రశాంతంగా ఉందో తెర మీద చూపిస్తుంది. రెండో మైకుకి కూడా అదే గ్రూపులోంచి, అంటే ఒకదానికొకటి అడ్డురాని చానెళ్ల గుంపులోంచి, చానెల్ ఇస్తుంది. ఈ గ్రూపు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలా ముఖ్యం. ఒక మైకు 520లో, ఇంకోటి 521లో ఉన్నాయనుకోండి, రెండూ కలిసి 519లోనూ 522లోనూ దొంగ సంకేతాలు పుట్టిస్తాయి. మూడో మైకు తెచ్చి సరిగ్గా 522లో పెట్టామా, అయిపోయాం. గ్రూపులోంచి తీసుకుంటే ఆ లెక్కలేవీ మనం వేసుకోనక్కర్లేదు. పాత సెట్‌తో పడ్డ టెన్షన్ అంతా ఒక్క బటన్‌తో తీరిపోయింది. హాలు మారినప్పుడల్లా స్కాన్, సింక్ (దొరికిన చానెల్‌ని మైకుకి పంపడం), సౌండ్ చెక్, అంతే. తెలిసినవాళ్లందరికీ ఇదే కొనమని చెప్పాను, ఇద్దరు కొన్నారు కూడా.

ఆ తర్వాత ఒక ఉగాది సభ వచ్చింది. దాసుగారిది రుక్మిణీ కల్యాణం కథ. మధ్యాహ్నం స్కాన్ చేశాం, సౌండ్ చెక్ బ్రహ్మాండంగా వచ్చింది. దాసుగారు హాలు చివరి వరకు నడుచుకుంటూ వెళ్లి పాడి చూశారు, ఒక్క అక్షరం తెగలేదు. సాయంత్రం ఐదింటికి అపార్ట్‌మెంట్ కమిటీ వాళ్లు వేదిక వెనక పెట్టడానికి ఎల్‌ఈడీ వాల్ తెప్పించారు. పిల్లల డాన్సులకి వెనక బొమ్మలు రావాలట. ఆ సంగతి మాకు ముందు తెలియదు. దాన్ని ఆన్ చేసేసరికి డాన్సులు మొదలయ్యాయి, వాటికి రికార్డు పాటలే కాబట్టి మైకుతో పని పడలేదు.

హరికథ మొదలైంది. గణపతి ప్రార్థన బాగానే సాగింది. రుక్మిణి తన సందేశం చెప్పి బ్రాహ్మణుణ్ణి ద్వారకకి పంపే ఘట్టంలో దాసుగారు వేదిక కుడివైపుకి వెళ్లగానే గొంతు మాయమైంది. గరగర లేదు, కూత లేదు, ఏమీ లేదు. పెదవులు కదులుతున్నాయి, మృదంగం వినిపిస్తోంది, మాట మాత్రం లేదు. ఎడమవైపుకి వస్తే మళ్లీ వస్తోంది, అదీ ముక్కలు ముక్కలుగా. నేను హాలు వెనక మిక్సర్ దగ్గర ఉన్నాను, రిసీవర్ నా పక్కనే ఉంది. తెర మీద సిగ్నల్ గీతలు లేచి పడుతున్నాయి. బ్యాటరీ నిండుగా ఉంది.

వెనకున్న ఎల్‌ఈడీ వాలే కారణమని తట్టడానికి కొంచెంసేపు పట్టింది. ఎల్‌ఈడీ వాల్‌లో ఉండే పవర్ సప్లైలు, డ్రైవర్ సర్క్యూట్లు, కేబుళ్లు రేడియో రొదని వెదజల్లుతాయి. అది ఎక్కువగా మన మైకులు పనిచేసే యూహెచ్‌ఎఫ్‌లోనే పడుతుంది. మధ్యాహ్నం ఖాళీగా కనిపించిన చానెల్ ఇప్పుడు ఆ రొదలో మునిగిపోయింది. దానికి తోడు బాడీ ప్యాక్ దాసుగారి నడుము వెనక, ఉత్తరీయం ముడిలో ఉంది. ఆయన జనం వైపు తిరిగి ఉంటారు, రిసీవర్ జనం వెనక ఉంది. మధ్యలో అడ్డంగా ఆయన శరీరమే. మనిషి ఒంట్లో నీళ్లు ఈ తరంగాలని బాగా మింగేస్తాయి.

వాల్ ఆపరేటర్ దగ్గరికి పరిగెత్తాను. అనంతపురం కుర్రాడు. "అన్నా, నేను ఆపితే కమిటీవాళ్లు నన్ను ఆపేస్తారు" అన్నాడు. వాడి ఇబ్బందీ నిజమే. ఈలోగా దాసుగారు నా వైపు చూసి, చేత్తో హెడ్‌సెట్ మెడ మీదికి లాగేసి, "మైకు లేకపోతేనేం బాబూ, గొంతుందిగా!" అని సూటిగా పద్యం ఎత్తుకున్నారు. ముందు వరసలు సరే, వెనకవాళ్లకి ఎంత వినబడి ఉంటుందో. అయినా ఎవరూ లేవలేదు.

కమిటీ పెద్దాయన్ని బతిమాలి చివర్లో ఉన్న శాలువా సన్మానం ముందుకి జరిపించాం. ఆ పది నిమిషాలే మాకు దొరికిన సమయం. రిసీవర్‌ని మిక్సర్ దగ్గర్నుంచి తీసి వేదిక పక్కన, దాసుగారికి ఎదురుగా కుర్చీ మీద పెట్టి, అక్కణ్ణుంచి మిక్సర్‌కి పొడవాటి మైకు కేబుల్ లాగాం. వాల్ వెలుగుతుండగానే మళ్లీ స్కాన్ నొక్కాను. మధ్యాహ్నం చూపించిన ఖాళీల్లో సగానికి పైగా నిండిపోయాయి. కానీ బ్యాండ్ పై భాగంలో ఒక చోట రొద తక్కువగా ఉంది. ఎల్‌ఈడీ రొద అన్ని చోట్లా సమానంగా ఉండదు, అదే మా పాలిట దేవుడైంది. ప్యాక్‌ని నడుము వెనక నుంచి పక్కకి జరిపాం. ఆ తర్వాత మంగళహారతి దాకా ఒక్కసారి కూడా తెగలేదు.

ఆ బటన్ మీద నా అభిమానం తగ్గలేదు. కాకపోతే అది చెప్పేది ఆ నిమిషంలో గాలి సంగతి మాత్రమే. ఇప్పుడు హాల్లో వెలగాల్సినవన్నీ వెలిగించాకే నొక్కుతాను: ఎల్‌ఈడీ వాల్, లైట్లు, ప్రొజెక్టర్, అన్నీ. సిగ్నల్ తగ్గితే గరగర రాకుండా మైకుని మూసేసే ఏర్పాటుని కూడా మొదట్లో గొప్పగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు కొంచెం గరగర వస్తేనే నయమనిపిస్తుంది, కనీసం ముందే తెలుస్తుంది. ఇంకో కోపం ప్యాక్ కొత్త చానెల్ అందుకునే సింక్ కిటికీ మీద. అది బాడీ ప్యాక్‌లో బ్యాటరీ మూత లోపల ఉంది. దండలు వేసుకుని, శాలువా కప్పుకుని నిలబడ్డ మనిషి ముడి విప్పి, ప్యాక్ తీసి, మూత తెరిచి, రిసీవర్‌కి జానెడు దూరంలో పట్టుకోవాలి. ఆ రోజు నా చేతులు వణికాయి.

హరికథకి కాలర్ మైకు కన్నా హెడ్‌సెట్టే మేలు. బంతిపూల దండ గుండెల మీద కదిలినప్పుడల్లా కాలర్ మైకులో ఎవరో కాగితాలు నలిపినట్టు వస్తుంది. చిడతల చప్పుడు మైకుని కొట్టకుండా ప్యాక్‌లో గెయిన్ (శబ్దాన్ని పెంచే మోతాదు) తగ్గించి, కొరత మిక్సర్‌లో పూడ్చుకోవాలి. రీచార్జబుల్ సెల్స్ ఎక్కువగా 1.2 వోల్టులే కాబట్టి, నిండుగా ఉన్నా మీటర్‌లో ఒక గీత తక్కువ చూపిస్తుంది. భయపడనక్కర్లేదు.

కొనొచ్చా అంటే, నా పరిస్థితి వేరు. నెలకి ఒకటి రెండు కార్యక్రమాలు, నూటయాభై మంది పట్టే హాళ్లు, ఒకేసారి రెండు మైకులు చాలు. ఈ కొలతకి ఇది బాగా సరిపోయింది. ఏడెనిమిది మంది పాత్రధారులకి మైకులు కావాల్సిన నాటక సమాజానికి నేను చెప్పను. గదిలో కూర్చుని వీడియోలు చేసుకునేవాళ్లకి ఇంత బరువు అక్కర్లేదు, చిన్న 2.4 గిగాహెర్ట్జ్ మైకులు హాయిగా పనిచేస్తాయి. అయితే వాటిని ఫ్లాటుకొక వైఫై ఉన్న మా హాళ్లకి తేవద్దు, వైఫై, బ్లూటూత్ రెండూ ఆ ఫ్రీక్వెన్సీల్లోనూ నడుస్తాయి. మా రిసీవర్‌కి యాంటెన్నాలు పెట్టెకే అతుక్కుని ఉన్నాయి, అందుకే వేదిక దగ్గరికి పెట్టె మొత్తం మోయాలి. ఈసారి కొంటే యాంటెన్నాలు విప్పి కేబుల్‌తో విడిగా పెట్టుకోగలిగేది చూస్తాను. వాటి ధర ఎక్కువ, మా సంఘం నడిచేది చందాల మీద. కాబట్టి ఇంకో రెండు మూడు ఉగాదులు దీంతోనే.