780 హ్యాండిల్‌ను 730కి కోసి, బ్రేకు లివర్లు జరిపాక: మౌంటెన్ బైక్‌పై మూడేళ్ల అనుభవం

మౌంటెన్ బైక్ హ్యాండిల్ ఎంత వెడల్పుండాలన్న చర్చ ఎక్కడ చదివినా, ఆ చెప్పేవారి ఎత్తు ఎంతో ముందు కనుక్కోవాలి. ఇప్పుడు కొత్త సైకిళ్లు చాలావరకు 740 నుంచి 800 మిల్లీమీటర్ల హ్యాండిల్‌తో వస్తున్నాయి. ఆరడుగుల మనిషికి 800 బాగానే ఉంటుంది. నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, భుజాలు సన్నవి, చేతులు చిన్నవి. నా హార్డ్‌టెయిల్‌కు (వెనక చక్రానికి సస్పెన్షన్ లేని సైకిల్) కంపెనీ బిగించి పంపింది 780 మి.మీ. అల్యూమినియం హ్యాండిల్. మూడేళ్లు దాటింది, ఇప్పుడది 730 దగ్గర ఉంది. అయితే నా చేతులకు ఎక్కువ సుఖం ఇచ్చింది ఆ కోత కాదు, పైసా ఖర్చు లేకుండా జరిపిన బ్రేకు లివర్లు. వెడల్పు గురించి గంటలు వాదించుకునేవాళ్లు లివర్ సంగతి ఎత్తకపోవడం నాకు ఎప్పుడూ వింతే.

నేను తొక్కేది ఎక్కువగా వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల మట్టి దారుల్లో, అది కుదరనప్పుడు హైదరాబాద్ శివార్ల బండరాళ్ల మధ్య. వానాకాలంలో ఎర్రమట్టి జారుతుంది, ఎండాకాలంలో అదే మట్టి మీద గులకరాళ్లు తేలి ఉంటాయి. పర్వత పోటీల దారులతో పోలిస్తే ఇవి చిన్న వాలులే. కాకపోతే మలుపులు ఇరుకు, వేగం తక్కువ. నా తీర్పు ఈ నేలకు సంబంధించిందని గుర్తుంచుకోండి.

వెడల్పు హ్యాండిల్ ఊరికే వచ్చిన మోజు కాదు. 1990లలో ఈ సైకిళ్లకు 560, 580 మి.మీ. హ్యాండిళ్లు ఉండేవి, వాటికి తోడు 120 మి.మీ. దాకా పొడవైన స్టెమ్, అంటే హ్యాండిల్‌ను సైకిల్‌కు కలిపే ముక్క. తర్వాత స్టెమ్ 35–50కి కుదించుకుపోయింది, హ్యాండిల్ పెరిగింది. ఈ రెండూ జంటగానే మారాయి. చిన్న స్టెమ్ వల్ల ముందు చక్రం చప్పున తిరుగుతుంది. వెడల్పు హ్యాండిల్ దానికి కుదురు తెస్తుంది. అందుకే పాత సైకిల్‌కు స్టెమ్ మార్చకుండా 780 వేస్తే ఛాతీ ముందుకు వంగిపోయి చేతులు బిగుసుకుంటాయి. వెడల్పు 20 మి.మీ. పెంచితే స్టెమ్ 10 మి.మీ. తగ్గించాలని ఒక వాడుక లెక్క ఉంది. ఖచ్చితమైన సూత్రం కాదు గానీ మొదటి అంచనాకు పనికొస్తుంది.

780తో నాకు నచ్చింది ఒకటే. రాయికి చక్రం తగిలి పక్కకు మళ్లబోతే, ఆ పొడవు వల్ల హ్యాండిల్‌ను నిలబెట్టడానికి తక్కువ బలం చాలేది. నచ్చనిది ఇరుకు మలుపుల్లో బయటపడింది. ఎడమకు బాగా తిప్పినప్పుడు కుడి చెయ్యి పూర్తిగా చాచుకుపోయి, దానితో పాటు భుజం, నడుము ముందుకు లాక్కుపోయేవి. బరువు ఎక్కడ ఉంచాలో అక్కడ ఉండేది కాదు. గంట తొక్కితే రెండు రెక్కల మధ్య పట్టేసేది. ఇక అపార్ట్‌మెంట్ లిఫ్టులో సైకిల్ పెట్టాలన్నా, ఆటో అద్దాల మధ్య నుంచి దూరాలన్నా సర్కస్.

కోసిన హ్యాండిల్ మళ్లీ అతకదు కాబట్టి, కోయకుండానే కొత్త వెడల్పు రుచి చూసే దారి ఒకటుంది. స్క్రూతో బిగించే, చివర మూత లేని గ్రిప్పులైతే (చేత్తో పట్టుకునే తొడుగులు) రెండు వైపులా ఒక్కో సెంటీమీటరు లోపలికి జరపండి, లివర్లనూ గేర్లు మార్చే షిఫ్టర్లనూ అంతే జరపండి. హ్యాండిల్ కొసలు బయటికి పొడుచుకొని ఉంటాయి. ఆ కొన్నాళ్లు చెట్ల మధ్యకు వెళ్లొద్దు. నేను ఇలా 760, 740, 720 అన్నీ చూశాను. 720 దగ్గర మలుపులు హాయి, కానీ రాళ్ల వాలులో ముందు చక్రం బెదిరినట్టు ఊగింది. 730 దగ్గర ఆ ఊపు పోయింది. నేల మీద పుష్‌అప్‌లు తీసే భంగిమలో చేతులు సహజంగా ఎక్కడ ఆనుతాయో చూసి, ఆ కొలత తీసుకోమంటారు చాలామంది. నాకు అది 700 చూపించింది. మొదలుపెట్టడానికి సరే, ఆఖరి మాట మాత్రం అది కాదు.

కోతకు ప్లంబర్లు వాడే పైపు కట్టర్ చాలు. అంచును ఆకురాయితో నునుపు చేయాలి. కార్బన్ హ్యాండిల్ అయితే కట్టర్ వాడకూడదు, సన్నటి పళ్ల బ్లేడుతో టేపు చుట్టి నెమ్మదిగా కోయాలి. ఎంతవరకు కోయవచ్చో తయారీదారు గీతలు పెట్టి ఉంటాడు, వాటిని దాటొద్దు. మరీ కురచ చేస్తే ఇంకో చిక్కు: హ్యాండిల్ నడిమి వైపు లావెక్కే చోటికి ముందే లివర్, షిఫ్టర్ క్లాంపులు (బిగింపు పట్టీలు) పట్టాలి, స్థలం చాలదు. కొసలకు మూతలు తప్పనిసరి. మూతలేని గొట్టం పడ్డప్పుడు ఒంట్లోకి దిగుతుంది.

ఇక లివర్లు. సైకిల్ వచ్చినప్పుడు అవి గ్రిప్పుకు ఆనుకొని, దాదాపు 45 డిగ్రీలు కిందికి వంగి ఉన్నాయి. నాలుగు వేళ్లతో బ్రేకు పట్టే ఊరి సైకిల్ అమరిక అది. డిస్కు బ్రేకుకు ఒక్క చూపుడు వేలు చాలు, మిగతా మూడు వేళ్లు హ్యాండిల్‌ను పట్టుకోవాలి. ఆ ఒక్క వేలు లివర్ కొసన ఉన్న వంపులో పడాలి. ఇరుసుకు ఎంత దూరంలో నొక్కితే అంత బలం కాబట్టి, నడిమిలో నొక్కితే బ్రేకు సగం చచ్చినట్టుంటుంది. నేను లివర్లను బాగా లోపలికి జరిపాను. అప్పుడు షిఫ్టర్ బొటనవేలికి అందకుండా పోయింది. క్లాంపుల వరస మార్చి షిఫ్టర్‌ను గ్రిప్పు వైపు తెస్తే సర్దుకుంది. అన్ని తయారీల్లో ఇది కుదరదు.

కోణం దగ్గరే అసలు కథ. కూర్చుని చదును మీద తొక్కేటప్పుడు 45 డిగ్రీలు బాగానే ఉంటుంది. వాలులో నిలబడి తుంటిని వెనక్కి తీసుకున్నాక ముంజేయి దాదాపు నేలకు సమాంతరమవుతుంది. అప్పుడు లివర్ కిందికి ఉంటే, దాన్ని అందుకోవడానికి మణికట్టు ముందుకు దొర్లి, అరచేతి మడమ హ్యాండిల్ వెనక నుంచి జారుకుంటుంది. ఇక ఆధారం బొటనవేలిదే. లివర్‌ను పైకి లేపితే అరచెయ్యి హ్యాండిల్ వెనకే ఆనుతుంది, గతుకు తగిలినా చెయ్యి ఊడిపోదు. అనంతగిరి దిగుతున్నప్పుడు ఈ తేడా మొదటి రోజే తెలిసింది.

అలాగని మరీ చదునుగా పెడితే ఇంకో తంటా. ఎక్కేటప్పుడు, రోడ్డు మీద మణికట్టు వెనక్కి విరిగినట్టుండి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. అరచేతి కిందిభాగంలో చిటికెన వేలి వైపు అల్నార్ నాడి వెళ్తుంది, ఒత్తిడి దాని మీద పడుతుంది. సైకిల్ తొక్కేవాళ్లలో ఇది ఎంత మామూలంటే, ముదిరిన రూపానికి వైద్యులు సైక్లిస్టుల పక్షవాతమనే అర్థం వచ్చే పేరే పెట్టారు. నాకు రెండు అవసరాలకూ కుదిరింది 25, 30 డిగ్రీల మధ్య. ఫోనులోని మట్టం చూసే యాప్ తెరిచి లివర్ మీద ఆనిస్తే కోణం తెలుస్తుంది, సైకిల్ మాత్రం చదును నేల మీద ఉండాలి. కుదిరిన చోట గోళ్ల రంగుతో చుక్క పెట్టాను. పడ్డ తర్వాత సర్దుకోవడానికి ఆ చుక్క ఎన్నిసార్లు ఆదుకుందో!

చిన్న చేతులవాళ్లు చూడాల్సింది లివర్‌కూ హ్యాండిల్‌కూ మధ్య దూరం. నావి షిమానో బ్రేకులు. చిన్న అలెన్ కీతో స్క్రూ తిప్పితే లివర్ దగ్గరికొస్తుంది. కానీ నా తరహా చవక రకాల్లో బ్రేకు పట్టే చోటు విడిగా మారదు, అది కూడా హ్యాండిల్ దగ్గరికి వచ్చేస్తుంది. మరీ దగ్గరికి తెస్తే బ్రేకు పూర్తిగా పట్టకముందే లివర్ మిగతా వేళ్లకు తగులుతుంది. ప్యాడ్లు కొత్తవి వేసి, బ్రేకు నూనె గొట్టంలోని గాలి తీయించాక చాలావరకు సర్దుకుంది.

క్లాంపులు మరీ బిగించకండి. చేత్తో గట్టిగా తోస్తే లివర్ తిరగాలి. పడ్డప్పుడు తిరిగిపోయే లివర్ విరగదు. అన్నీ జరిపాక హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, బ్రేకు, గేరు గొట్టాలు ఎక్కడా బిగుసుకోవడం లేదని చూడండి. హ్యాండిల్ వెడల్పు పెంచినవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

మళ్లీ కొంటే 760 తీసుకుని కోసుకుంటాను. 780 నుంచి అంత కోయడం దండగ. భుజాలు వెడల్పున్నవాళ్లు, వేగంగా దిగేవాళ్లు నా అంకెను పట్టించుకోనవసరం లేదు. ముందు లివర్లు జరపండి, నెల తొక్కండి, ఆ తర్వాతే కట్టర్ ఎత్తండి. నాకింకా తేలనిది గ్రిప్పుల మందం: సన్నవి వేస్తే పట్టు బాగుంది, రాళ్ల మీద అదురు మాత్రం నేరుగా అరచేతికే వస్తోంది.