గొలుసులో ఐదు తాళాలు: టెక్సస్‌లో వేట కౌలు, ఐదు సీజన్ల తర్వాత

జాక్ కౌంటీలో మేము వేట కోసం కౌలుకు తీసుకున్న 400 ఎకరాల మేతభూమికి గేటు ఒక్కటే, ఆ గేటుకు గొలుసూ ఒక్కటే. గొలుసు రెండు కొసల మధ్య ఐదు తాళాలు ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి. ఏ ఒక్క తాళం తీసినా గొలుసు విడిపోతుంది. ఒకటి భూయజమానిది, ఒకటి అక్కడ ఆవులను మేపుకొనే మేత కౌలుదారుది, ఒకటి కరెంటు సహకార సంఘానిది, చిలుము పట్టి పచ్చబడిన ఇత్తడి తాళం నూనె బావి నడిపే కంపెనీది, ఐదోది మాది. 2021 ఫిబ్రవరిలో మా తాళాన్ని అందులో చేర్చిన రోజున, ఒకరి తాళంచెవితో మరొకరికి పని లేని ఈ ఏర్పాటు చూసి ఎంతో ముచ్చటపడి ఫొటో కూడా తీసుకున్నాను. ఇన్నాళ్లకు ఈ సమీక్ష రాయడానికి కారణం ఆ గొలుసే. మేము ఏడు పేజీల ఒప్పందం రాసుకున్నాము గాని, అందులో రాయవలసిన ముఖ్యమైన సంగతి మొదటి రోజునే మా కళ్లెదుట గేటుకు వేలాడుతున్నా గుర్తించలేదు.

లైసెన్సు ఎక్కడ తీసుకోవాలి, హంటర్ ఎడ్యుకేషన్ (వేట భద్రత శిక్షణ) ఎవరికి తప్పనిసరి వంటివి టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ పుస్తకంలో ఉన్నవే కనుక వాటి జోలికి పోను. కొత్తవారి కోసం ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఈ రాష్ట్రంలో సుమారు 95 శాతం భూమి ప్రైవేటు వ్యక్తుల చేతిలో ఉంది, కానీ ఆ భూమి మీద తిరిగే అడవి జంతువులు చట్టం ప్రకారం రాష్ట్ర ప్రజల సొత్తు. కనుక కౌలు డబ్బు కట్టినంత మాత్రాన జింకను కొన్నట్టు కాదు. ఫలానా హద్దుల మధ్యకు, ఫలానా రోజుల్లో, వేట కోసం అడుగుపెట్టే హక్కును మాత్రమే కొన్నట్టు. మా నలుగురు స్నేహితులమూ ఎకరానికి 14 డాలర్ల చొప్పున ఏడాదికి 5,600 డాలర్లు, ఫిబ్రవరిలో సగం, ఆగస్టు 1న సగం చెల్లిస్తూ వచ్చాము.

కాగితం విషయంలో నా పట్టుదలకు ఒక నేపథ్యం ఉంది. మా నాన్నగారు ప్రకాశం జిల్లాలో ఇరవై ఏళ్లకు పైగా నోటిమాట మీదే కౌలు చేశారు. కాగితం రాసిస్తే భూమి చేజారుతుందేమోనని ఆసామికి భయం. కాగితం లేనందువల్ల బ్యాంకు అప్పు గాని, పంట పోయినప్పుడు పరిహారం గాని అందక కౌలుదారుకు కష్టం. రాత్రిపూట మంచె మీద పడుకొని అడవిపందులను తోలిన చేలో పంట ఎవరి పేరున నమోదైందో ఆయనకు ఏనాడూ స్పష్టంగా తెలియదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది గాని, దాని కింద సాగుదారు హక్కు కార్డు కావాలంటే యజమాని సంతకం ఉండాలి కాబట్టి ఆ పాత భయం అక్కడ పూర్తిగా తొలగలేదు. ఆ అనుభవంతో పెరిగినవాడిని కనుక, డెబ్బై మూడేళ్ల అమెరికన్ రైతును కాగితం అడగడానికి నేను సంకోచిస్తూ వెళ్తే, కాగితం లేకుండా గేటు తీయనని ఆయనే ముందుగా చెప్పారు. నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ఆయన పట్టుదలకు ఆయన కారణాలు ఆయనకున్నాయి. డబ్బు తీసుకొని వేటకు భూమి ఇచ్చే యజమాని రాష్ట్ర శాఖ నుంచి వేట కౌలు లైసెన్సు తీసుకోవాలి. అంతకన్నా ముఖ్యంగా, ఎవరైనా మంచె మీద నుంచి జారిపడితే దావా తన మీదికి వస్తుందన్న ఆందోళన ఆయనది. టెక్సస్ సివిల్ ప్రాక్టీస్ అండ్ రెమెడీస్ కోడ్‌లోని 75వ అధ్యాయం వినోదం కోసం వచ్చేవారి విషయంలో భూయజమానికి కొంత రక్షణ ఇస్తుంది. అయినా వేటగాళ్ల చేత కూడా బాధ్యత బీమా చేయించి, అందులో తన పేరు చేర్పించుకొంటే గాని ఆయనకు నిద్ర పట్టదు. మేము ఒక సంఘటనకు పది లక్షల డాలర్ల బీమా తీసుకున్నాము. నలుగురం పంచుకొంటే అది పెద్ద భారం కాలేదు.

ఒప్పందం ముసాయిదాను టెక్సస్ ఏ అండ్ ఎం అగ్రిలైఫ్ ఎక్స్‌టెన్షన్ వారి కౌలు చేతిపుస్తకంలోని నమూనాను దగ్గర పెట్టుకొని నేనే తయారు చేశాను. ఎవరు ఎన్ని మగ జింకలను కొట్టవచ్చు, అడవిపందులను ఎప్పుడు కొట్టవచ్చు, వాన పడిన రోజున మట్టిదారి మీద బండి నడపవచ్చా, గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి వంటివన్నీ అందులో చేర్చాను. మొదటి సీజన్ ఒక్క మాట పట్టింపు కూడా లేకుండా గడిచింది. అప్పట్లో డాలస్‌లోని మన వాళ్లెవరు అడిగినా, రాతకోతలు పక్కాగా ఉంటే ఏ ఇబ్బందీ రాదని ధీమాగా చెప్పేవాడిని. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవలసి ఉంది. మొదటి ఏడాది సాఫీగా సాగిన ఘనత ఒప్పందానిది కాదు; ఆ ఏడాది ఆ భూమి మీదికి మేము, ఆవులు తప్ప ఇంకెవరూ రాలేదు, అంతే.

2022లో సాధారణ జింకల సీజన్ నవంబరు 5, శనివారం మొదలైంది. ఆ ప్రాంతంలో జింకల జతకట్టే కాలం నవంబరు నడిమి వారాల్లో ముమ్మరంగా ఉంటుంది. మామూలుగా చీకటి పడ్డాకే బయటికి వచ్చే పెద్ద మగ జింకలు ఆ పది పదిహేను రోజులు మాత్రం ఆడ జింకల వెంట పగలే తిరుగుతాయి. ఏడాది కౌలు మొత్తంలో సగం విలువ ఆ రెండు వారాలదే అంటే అతిశయోక్తి కాదు. మా ఉత్తరపు మంచె దగ్గర ట్రైల్ కెమెరాలో (జంతువు ఎదుటికి వస్తే తనంతట తానే ఫొటో తీసేది), పది కొనల కొమ్ములున్న మగ జింక ఒకటి వరుసగా నాలుగు రోజులు ఉదయం 7 గంటల 20 నిమిషాల ప్రాంతంలో కనిపించింది. మెడ లావెక్కి, ఎడమ చెవికి చిన్న చీలిక ఉన్న ఆ జింకను మేము ముందటి ఏడాది నుంచీ ఎరుగుదుము. అప్పుడు వయసు చాలదని వదిలేశాము.

నవంబరు 11, శుక్రవారం సాయంత్రం నేను గేటు దగ్గరికి చేరేసరికి గొలుసు విడిపోయి ఉంది. ఇత్తడి తాళం తెరిచి వేలాడుతూ ఉంది. మట్టిదారి మీద నా అరచేయి దిగేంత లోతున జంట చక్రాల గాళ్లు పడి ఉన్నాయి. మెస్కీట్ చెట్ల (ఇవి మన సర్కారు తుమ్మకు దాయాదులు) వరుస దాటగానే ఎదురుగా ఇనుప స్తంభమొకటి నిటారుగా లేచి ఉంది, దాని కొనన దీపాలు. పాత నూనె బావి మరమ్మతుకు వచ్చిన రిగ్ అది. బావిలోని కడ్డీలను, గొట్టాలను ఒక్కొక్కటిగా పైకి లాగి, ఇనుప రాక్‌ల మీద పేరుస్తూ ఉన్నారు. కడ్డీ మీద కడ్డీ పడిన ప్రతిసారీ ఆ చప్పుడు వాగు అవతలికి వెళ్లి తిరిగి వస్తోంది. మా ఉత్తరపు మంచెకు, ఆ బావికి మధ్య దూరం అడుగులతో కొలిచాను: 240 గజాలు.

వాళ్లు తొమ్మిది రోజులు ఉన్నారు. ఆ తొమ్మిది రోజుల కెమెరా చిత్రాలను ఇప్పటికీ దాచుకున్నాను. చీలిక చెవి జింక మొదటి రాత్రి 2 గంటల 10 నిమిషాలకు ఒకసారి, మూడో రాత్రి 3 గంటల తర్వాత ఒకసారి కనిపించింది. ఆ తర్వాత ఆ సీజన్‌లో మరి కనిపించలేదు. మా నలుగురిలో ఇద్దరు ఆ వారానికని ఆఫీసులో సెలవు పెట్టుకొని వచ్చారు. రిగ్ దగ్గరి పనివారి మీద నాకు ఏ కోపమూ లేదు. భూయజమాని అయిన పెద్దాయన వేరేచోట వేటాడుకోనిస్తారేమో అడగమని చెప్పినవారూ వాళ్లే, మధ్యాహ్నం కాఫీ ఇచ్చినవారూ వాళ్లే.

పెద్దాయనకు ఫోన్ చేస్తే నొచ్చుకున్నారు గాని, ఆయన చేతిలో ఏమీ లేదు. ఆయన తాతగారు ఆ భూమి కొనేనాటికే కింది ఖనిజ హక్కులు వేరొకరి పేరున విడిపోయి ఉన్నాయట. పై భూమి ఒకరిది, కింది నూనె మరొకరిది కావడం టెక్సస్‌లో సర్వసాధారణం. పైగా ఇక్కడి చట్టంలో ఖనిజ హక్కుదే పైచేయి. నూనె తీయడానికి న్యాయంగా అవసరమైనంత మేర పై భూమిని వాడుకొనే అధికారం వారికి ఉంది. భూయజమానే ఆపలేనిదాన్ని ఆయన దగ్గర కౌలుకు తీసుకున్నవాడు ఎలా ఆపగలడు? డబ్బులో కొంతైనా వెనక్కి అడుగుదామని ఒప్పందం తిరగేస్తే, ‘ఏ కారణం చేతనూ కౌలు తిరిగి ఇవ్వబడదు’ అన్న వాక్యం ఐదో పేజీలో ఉంది. ఆయనకు నమ్మకం కలగాలని దాన్ని చేర్చింది నేనే.

ఆయన మంచితనం కొద్దీ, వాగు అవతల ఉన్న తన మరో 120 ఎకరాల్లో ఆ సీజన్ పూర్తయ్యేదాకా వేటాడుకోమన్నారు. ఆ మాటకు కళ్లు చెమర్చాయి. కానీ మా బీమా పత్రంలో ఉన్నది ఒప్పందానికి జతపరచిన పటంలోని 400 ఎకరాలు మాత్రమే. అవతలి చేలో ఏదైనా జరిగితే బీమా మమ్మల్నీ ఆదుకోదు, ఆయననూ ఆదుకోదు. నోటిమాట మీద నడిచిన కౌలు కష్టాలు ఇంట్లోనే చూసినవాడిని కాబట్టి, కృతజ్ఞతలు చెప్పి ఆ మేలును వద్దన్నాను. మా స్నేహితుల్లో ఒకరు ఇందుకు నా మీద చాలాకాలం అలిగారు.

2023 ఫిబ్రవరిలో ఒప్పందాన్ని తిరగరాశాము. గొలుసులో ఎన్ని తాళాలు ఉన్నాయో అన్ని పేర్లూ, ఒక్కొక్కరికి ఏ పని మీద ప్రవేశ హక్కు ఉందో అందులో రాశాము. పటం మీద రెండు బావులను, పైపులైను దారిని, కరెంటు తీగల దారిని ఎర్ర సిరాతో గుర్తించాము. నవంబరు మొదటి శనివారం నుంచి డిసెంబరు 15 వరకు ఇతరుల పని వల్ల మూడో వంతుకు మించిన భూమి ఏడు రోజులు వరుసగా వేటకు పనికిరాకపోతే, ఆ మేరకు మరుసటి ఏడాది కౌలులో తగ్గింపు ఉంటుందని చేర్చాము. ఆయన ఈ వాక్యం మీద రెండు వారాలు ఆలోచించారు. చివరికి నగదు తిరిగి ఇవ్వనక్కరలేదు, తగ్గింపే చాలు అన్న తర్వాత ఒప్పుకొన్నారు. దాని కిందనే ఒక చిన్న వాక్యం ఆయనే తన చేత్తో రాశారు: ఎవరైనా పనికి వస్తున్నట్టు తనకు తెలిసిన రోజునే మాకు ఫోన్ చేస్తానని.

నన్ను ఆశ్చర్యపరచిన సంగతి ఏమిటంటే, అంత బేరమాడిన తగ్గింపు వాక్యాన్ని మేము ఈనాటి వరకు ఒక్కసారి కూడా వాడలేదు. మమ్మల్ని కాపాడింది ఆ చేతిరాత వాక్యమే. 2024 సెప్టెంబరులో నూనె కంపెనీ మళ్లీ మరమ్మతు తలపెట్టినట్టు తెలియగానే ఆయన నాకు ఫోన్ చేయడమే కాక, పని అక్టోబరులోనే ముగించమని వాళ్లను అభ్యర్థించారు. అలా చేయవలసిన బాధ్యత వాళ్లకు లేదు, అయినా చేశారు. సీజన్ మొదలయ్యేనాటికి దారి గాళ్లలో గడ్డి కూడా మొలిచింది.

మరో చిక్కు కూడా ఒకటి చెప్పాలి, అది మన వాళ్లకు తప్పక ఎదురవుతుంది. ఒప్పందంలో అతిథులుగా ‘కుటుంబ సభ్యుల’ను తీసుకురావచ్చని ఉంది. మా బృందంలోని ఒకరు హ్యూస్టన్ నుంచి వచ్చిన బావమరిదిని తెచ్చారు. ఆయన లెక్కలో బావమరిది ఇంటిమనిషే. పెద్దాయన లెక్కలో కుటుంబమంటే భార్యాపిల్లలే, బావమరిది ఐదో తుపాకి. గొడవ పెద్దది కాలేదు గాని, ఇప్పుడు వరసలకు బదులు పేర్లు రాస్తున్నాము.

ఇంతకీ వేట కౌలు తీసుకోవాలా అంటే, నా పరిస్థితి చెబుతాను, మీ పరిస్థితి మీరు చూసుకోండి. మా ఇంటి నుంచి ఆ గేటుకు గంటన్నర ప్రయాణం, శుక్రవారాలు నాకు ఇంటి నుంచే పని, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఏడాదికి పాతిక రోజులైనా వెళ్తాను కనుక నా వంతు 1,400 డాలర్లు నాకు గిట్టుబాటే. ఏడాదికి రెండు వారాంతాలు మాత్రమే కుదిరేవారికి రోజు లెక్కన ఇచ్చే వేటభూములో, రాష్ట్ర శాఖ వారి వార్షిక పబ్లిక్ హంటింగ్ అనుమతో మేలనిపిస్తుంది. హెచ్-1బి వంటి వీసాల మీద ఉన్నవారికి తుపాకి కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి అందులో మినహాయింపు ఉన్నా, న్యాయవాదిని సంప్రదించకుండా ఆ దారిలో అడుగు వేయవద్దని వేడుకొంటున్నాను. నేను గ్రీన్ కార్డు వచ్చిన తర్వాతే మొదలుపెట్టాను.

ఈ జనవరి చివర ఫీడర్లు (జింకలకు మేత వేసే డబ్బాలు) దింపడానికి వెళ్లినప్పుడు గొలుసులో ఆరో తాళం కనిపించింది. కొత్త స్టీలు తాళం, దాని మీది ధర స్టిక్కరు ఇంకా ఊడలేదు. పెద్దాయన ఆరోగ్యం అంతగా బాగుండక భూమి వ్యవహారాలు ఇప్పుడు ఆయన కుమార్తె చూసుకొంటున్నారు. గాలిమరల కోసం కొలతలు తీసుకొనేవారికి తానే తాళం వేసుకోనిచ్చానని, వాళ్లు ఎప్పుడు వస్తారో ఇంకా తేలలేదని ఆమె చెప్పారు. కొత్త ఒప్పందం నా బల్ల మీదనే ఉంది. ఆరో పేరు, దాని పక్కన వాళ్లు వచ్చే నెలలు రాసి పంపిన తర్వాత సంతకం చేస్తానని ఆమెకు తెలియజేశాను.