సీటు కుదిరింది, వెనక ఇరుసే ఏడిపించింది

ఈ గ్రావెల్ సైకిల్ (మట్టి, కంకర దారుల్లో కూడా నడిచే రకం) కొన్న కొత్తలో అడిగినవాళ్లందరికీ కళ్లు మూసుకుని కొనేయమన్నాను. సీటు విషయంలో ఇప్పటికీ అదే మాట. పెడల్ కిందికి తెచ్చి, దానిమీద మడమ పెడితే కాలు నిటారుగా వచ్చేలా సీటు లేపుకున్నాను. మోకాలి చిప్ప ముందు వచ్చే నొప్పి తగ్గిపోయింది. ధర్మసాగర్ దాకా వెళ్లొచ్చినా ఇబ్బంది లేదు.

నా గొడవంతా వెనక చక్రం ఇరుసుతోనే. ఇది త్రూ యాక్సిల్, అంటే చక్రం మధ్యలోంచి దూర్చి చివర మరలతో ఫ్రేమ్‌లోకే బిగించే ఇరుసు. కాబట్టి చక్రం గట్టిగా కూర్చుంటుంది, బ్రేక్ డిస్క్ రుద్దుకోదు, నిజమే. కానీ రామప్ప నుంచి తిరిగొస్తుంటే ములుగు దాటాక పంక్చర్ అయింది. దారిలో షాపతను చక్రం కాస్త వంకరగా పెట్టి యాక్సిల్ బిగించాడు. రెండు చుట్లు తిరిగి పట్టేసింది. బయటికి తీస్తే చివర మరలు చదునైపోయి ఉన్నాయి. ఫ్రేమ్ మరలకు ఏమీ కాలేదు, అదొక్కటే అదృష్టం. "గిసొంటిది మా దగ్గర దొరకదన్నా" అన్నాడు. సైకిల్‌ని ట్రాలీ ఆటోలో వేసుకుని హన్మకొండ వచ్చాను.

ఇక్కడ నేనడిగిన షాపుల్లో నట్ల ఇరుసులు, మీట తిప్పి వదులు చేసే క్విక్ రిలీజ్‌లే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో 12 x 142 (12 అంటే మి.మీ.లో ఇరుసు లావు) అని చూసి తెప్పించాను. అదీ ఒక చుట్టు తిరిగి ఆగిపోయింది. పాతదాన్ని పక్కన ఆనించి చూస్తే సంగతి తెలిసింది: మొదటి మరలు ఒకదానిలో ఒకటి కూర్చుంటున్నాయి, ఆ తర్వాత తప్పుకుంటున్నాయి. నాది 1.5 మి.మీ. పిచ్ (పక్కపక్క మరల మధ్య దూరం), వచ్చింది 1.75. 1.0 పిచ్‌వి కూడా ఉంటాయట! పైగా 142 అనేది చక్రం మధ్యలో ఉండే హబ్ వెడల్పు. యాక్సిల్ ఫ్రేమ్‌కు రెండు వైపులా పట్టాలి కాబట్టి అంతకంటే పొడవుంటుంది, ఆ పొడవు ఫ్రేమ్‌ని బట్టి మారుతుంది. అమ్మే పేజీలో పిచ్ లేదు, పొడవు లేదు. ఈ రెండూ రాయకుండా సామాను ఎలా అమ్ముతారు? చివరికి పాత యాక్సిల్ కొలతలన్నీ పంపిస్తే హైదరాబాద్ నుంచి సరైనది వచ్చింది. అప్పటిదాకా సైకిల్ గోడకే.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు ఇది పెద్ద సమస్య కాకపోవచ్చు. నేను ములుగు, పాకాల వైపు ఒక్కడినే వెళ్తాను కాబట్టి స్పేర్ యాక్సిల్ బ్యాగులో పెట్టుకోక తప్పడం లేదు. నా ఎత్తుకు ఇంత బాగా కుదిరే సైకిల్ క్విక్ రిలీజ్‌తో దొరికితే మారిపోతానేమో. మోకాళ్లు మాత్రం దీన్ని వదలొద్దంటున్నాయి.