మా సార్ టెన్నిస్ కోచింగ్: పదకొండేళ్ళు నేర్చుకున్నాక రాస్తున్న రివ్యూ

ఈ రివ్యూ సార్ బతికుండగా రాయాల్సింది. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూ ఏళ్ళు గడిపేశాను, గత నెల సార్ చనిపోయారు. తొమ్మిదేళ్ళప్పుడు ఆయన దగ్గర చేరి ఇరవై ఏళ్ళు వచ్చేదాకా ఆడాను, ఇప్పుడు మా అబ్బాయి అక్కడే నేర్చుకుంటున్నాడు. చిన్న ఊళ్ళో రెండు మట్టి కోర్టులు, ఒక షెడ్డు, ఒక బుట్టెడు బంతులు, అంతే. అయినా ఐదుకి ఐదు స్టార్లు ఇస్తున్నాను. పోయిన మనిషి కదా అని ఇస్తున్నవి కావు, ఎందుకో చెప్తాను.

మొదటిరోజు నేను పెద్దవాళ్ళ రాకెట్ పట్టుకుని వెళ్ళాను, 27 అంగుళాలది. రేపు ఎలాగూ పొడుగవుతుంది కదా అని ఇంట్లో అదే కొన్నారు. సార్ నన్ను నిటారుగా నిలబెట్టి, రాకెట్ పట్టుకున్న చేతిని కిందికి వదిలెయ్యమన్నారు. రాకెట్ తల నేలకి ఆనేసి నా మోచెయ్యి వంగింది. "చెయ్యి వంచకుండా పట్టుకుంటే నేలకి తగిలీ తగలనట్టుండాలమ్మా, అదీ నీ సైజు" అని షెడ్డులోకి వెళ్ళి, ఎవరో వదిలేసిన 25 అంగుళాల రాకెట్ తెచ్చి పిడికి కొత్త గ్రిప్ చుట్టి ఇచ్చారు. రెండేళ్ళు దాంతోనే ఆడాను. పిల్లల్ని ఎక్కడ చేర్పించినా ఈ ఒక్క పరీక్ష చేశాకే రాకెట్ కొనండి.

ఆ తర్వాత ఆరు నెలలు కొత్త బంతి ముట్టుకోనివ్వలేదు. టెన్నిస్ బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్ల దాకా లేవాలని నియమం, మరి గట్టిగా కొడితే అది చిన్నపిల్లలకి నెత్తి దాటిపోతుంది, అంత ఎత్తులో కొట్టి కొట్టి రాకెట్ పట్టుకోవడమే తప్పుగా అలవాటైపోతుంది అనేవారు. అందుకని బౌన్స్ పోయిన పాత బంతులన్నీ దాచేవారు. కోర్టుకి అడ్డంగా తాడు కట్టి, చిన్న చిన్న గళ్ళు చేసి, అందులో ఆడించేవారు. పక్క బ్యాచ్ పెద్దపిల్లలు అసలు కోర్టులో ఆడుతుంటే మేం తాడు దగ్గర ఆడటం ఎంత నామోషీగా ఉండేదో! 2012 నుంచి పదేళ్ళలోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నియమం పెట్టింది. ఎర్ర బంతి, నారింజ బంతి, ఆకుపచ్చ చుక్క బంతి అని మూడు మెట్లు, ఎర్రది మామూలు బంతి కన్నా 75 శాతం నెమ్మది. అప్పటికి నేను ఆట మానేసినా, తన పద్ధతే నియమమైందని సార్ ఫోన్ చేసి మరీ చెప్పారు. ఆ రోజు ఆయన గొంతులో ఉన్న సంతోషం నాకింకా వినిపిస్తూనే ఉంది.

సార్ రాకెట్ వైపు పెద్దగా చూసేవారు కాదు, పాదాల వైపు చూసేవారు. అవతలివాళ్ళు బంతిని కొట్టబోతుండగా మనం చిన్న గెంతు వేసి, రెండు కాళ్ళ మీద తేలిగ్గా దిగాలి కదా, దాన్ని స్ప్లిట్ స్టెప్ అంటారు. అది వెయ్యకుండా ఎంత అందమైన షాట్ కొట్టినా సార్ లెక్కలో వేసుకునేవారు కాదు. సాయంత్రం చీకటి పడేటప్పుడు అటు తిరిగి నిలబడి, చప్పుడు విని "రాకెట్ మధ్యలో తగల్లేదు" అనేవారు. నిజంగానే తగిలేది కాదు.

ఇక సర్వీస్. టాస్, అంటే కొట్టడానికి బంతిని పైకి వెయ్యడం, నేర్పేటప్పుడు మన ముందువైపు పాదానికి కాస్త అవతల నేల మీద రాకెట్ పెట్టేవారు. బంతి పైకి వేసి కొట్టకుండా వదిలేస్తే అది ఆ రాకెట్ తల మీద పడాలి. నాకు పదిసార్లు వేస్తే రెండుసార్లు పడేది. టాస్ పక్కకి పోయినా ఆత్రంగా ఒళ్ళు వంచి కొట్టేదాన్ని, మ్యాచ్‌లో టెన్షన్ వస్తే మరీనూ. "పట్టుకో, కొట్టకు. టాస్ వేసి కొట్టకపోతే అది ఫాల్ట్ కాదమ్మా" అని ఎన్ని వందల సార్లు చెప్పుంటారో. నియమమే అది, రాకెట్ ఊపనంతవరకు మళ్ళీ వేసుకోవచ్చు. ఆ సంగతి తెలిసినా పట్టుకోవడానికి నాకు ధైర్యం రావడానికి నాలుగేళ్ళు పట్టింది.

ఒక్క సంఘటన చెప్పాలి. పద్నాలుగేళ్ళప్పుడు ఒక టోర్నమెంట్‌లో అంపైర్ లేని మ్యాచ్. మన వైపు పడిన బంతికి మనమే కాల్ చెప్పుకోవాలి, అనుమానం ఉంటే లోపల పడినట్టే. కీలకమైన పాయింట్‌లో నేను ఔట్ అన్నాను, గెలిచాను కూడా. మట్టి కోర్టు కాబట్టి గుర్తు అక్కడే ఉంది. అందరూ వెళ్ళాక సార్ నన్ను తీసుకెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో చూపించారు. గీత అంచుకి గోరంత మేర తాకి ఉంది, అంటే లోపల పడినట్టే. ఒక్క మాట అనలేదు. లేచి, చీపురు తీసుకుని గీత ఊడ్చుకుంటూ వెళ్ళారు. నేను వెళ్ళి, నా చేతిలో ఓడిన అమ్మాయికి చెప్పాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. డబుల్స్ సరిగ్గా నేర్పేవారు కాదు, నెట్ దగ్గర ఆడటం నేను బయటే నేర్చుకున్నాను. లైట్లు లేవు, వానాకాలం సగం క్లాసులు పోతాయి. తొందరగా ర్యాంకింగ్ రావాలనుకునే తల్లిదండ్రులకి ఆయన పద్ధతి నచ్చేది కాదు, కొంతమంది మధ్యలోనే పిల్లల్ని మాన్పించేశారు. నాకైతే ఆ నిదానమే మేలు చేసింది. నాతో మొదలుపెట్టినవాళ్ళలో భుజం నొప్పి, మోచేతి నొప్పి అని ఆట మానేసినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇప్పుడు ఆయన శిష్యులిద్దరు నడుపుతున్నారు. చేర్పించొచ్చా అని అడిగేవాళ్ళకి, చేర్పించండి, వీలైతే పొద్దుటి బ్యాచ్‌లో. అప్పుడే నీళ్ళు చల్లి రోలర్ తిప్పిన కోర్టు మీద బంతి సమంగా లేస్తుంది. ఆట అయ్యాక పిల్లలే మట్టి మీద వల ఈడ్చి కోర్టు చదును చేసే పద్ధతి ఇంకా ఉంది. తాడు కట్టిన గళ్ళు కూడా ఉన్నాయి, కాకపోతే ఇప్పుడు ఎర్ర బంతులు వచ్చాయి.

మొన్న ఆదివారం మా అబ్బాయిని దింపడానికి వెళ్ళి గోడ దగ్గర కాసేపు నిలబడ్డాను. వాడి పాదం ముందు రాకెట్ పెట్టారు. టాస్ బాగా ఎడమకి పోయింది, వాడు కొట్టబోయి ఆగి, ఒక అడుగు పక్కకి వేసి, బంతిని అరచేతిలో పట్టుకున్నాడు.