కోఠీ సందులో లరీసా రుదెంకో స్వరం

కోఠీలో పాత గ్రామఫోను రికార్డులు అమ్మే ఒక చిన్న దుకాణంలో, ఉక్రెయిన్ మెజో సొప్రానో లరీసా రుదెంకో (1918–1981) పాడిన రికార్డు కొన్నాను. కొనే ముందు రెండు వైపులా పూర్తిగా వినిపించిన యజమాని ఓపికకు నేను కృతజ్ఞుణ్ణి. అట్ట చిరిగి ఉంది, మొదటి పాటలో చిటపటలు కూడా వినిపిస్తాయి. అయినా అడిగిన ధర న్యాయమైనదే.

స్త్రీ గాత్రాల్లో అన్నిటికన్నా పై స్థాయిదైన సొప్రానోకు, అన్నిటికన్నా కింది స్థాయిదైన కాంట్రాల్టోకు నడుమ ఉండే ఈ మెజో సొప్రానో గాత్రానికి ఒపేరాలో (పాటలతో సాగే నాటకంలో) తరచుగా ప్రత్యర్థులు, తల్లులు, మంత్రగత్తెల పాత్రలే దక్కుతాయి. 1875లో పారిస్‌లో తొలిసారి ప్రదర్శించిన ఫ్రెంచ్ స్వరకర్త బిజే ఒపేరా ‘కార్మెన్’లో మాత్రం కథానాయికే మెజో. 1939 నుంచి సుమారు మూడు దశాబ్దాలు కీవ్ ఒపేరాలో పాడిన రుదెంకో ఈ పాత్రను ధరించారు; రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ సంస్థ రష్యాలోని ఉఫాకు, ఆపై ఇర్కుత్స్క్‌కు తరలవలసి వచ్చిన రోజులు కూడా ఆ కాలంలోనివే. 1960లో ఆమెకు సోవియట్ యూనియన్ ప్రజా కళాకారిణి బిరుదు లభించింది.

రికార్డులో ఉన్నవి ఉక్రేనియన్ జానపద గీతాలు. భాష తెలియకపోయినా, మంద్రంలోకి దిగినప్పుడు కూడా పలచబడని ఆ నిండైన నాదం, మన సంగీతంలో కింది షడ్జమాన్ని నిలిపి పాడే విద్వాంసురాలిని గుర్తు చేసింది. శ్వాస ఎక్కడ తీసుకున్నారో నాకు తెలియనే లేదు. రెండో వైపు చివరి గీతాన్ని వరుసగా నాలుగుసార్లు విన్నాను. గాత్రసంగీతం ఇష్టపడేవారు ఆ దుకాణానికి ఒక మధ్యాహ్నమంతా కేటాయించుకుని వెళ్లండి. విదేశీ రికార్డులు లోపలి గదిలో, కింది అరలో ఉంటాయి.